ముళ్ళు మరిగే గంట

జనవరి 14, సోమవారం

డిపో వాళ్ళు రిటైర్మెంటుకి ఈ డైరీ ఇచ్చారు. రెండు వారాలు సొరుగులో పడి ఉంది. ముప్ఫై ఆరేళ్ళు బస్సు నడిపినవాడికి డైరీ ఎందుకో. ఎన్ని గంటలకి ఎక్కడ ఉండాలో చెప్పే షెడ్యూలు ఇక లేదు, నువ్వే రాసుకో అని కాబోలు.

ఇవాళ రాయడానికి సంగతి దొరికింది. నా భార్య మొయిరా పడింది. కింద సముద్రం ఒడ్డున ఉన్న జాలరుల పేట సీటౌన్‌కి దిగే మెట్ల మీద మంచు గడ్డకట్టి ఉంది. కుడి మణికట్టు రెండు చోట్ల విరిగింది. ఎల్గిన్ ఆసుపత్రిలో నాలుగు గంటలు కూర్చున్నాం. మోచేతి దాకా ప్లాస్టర్ వేశారు. ఎనిమిది వారాలకి తక్కువ కాదన్నారు.

పడ్డప్పుడు చేతిలో వాళ్ళ నాన్నకి తీసుకెళ్తున్న సూప్ కేన్ ఉంది. చెయ్యి విరిగినందుకు ఏడవలేదు. సూప్ ఒలికిపోయినందుకు ఏడ్చింది.

జనవరి 15, మంగళవారం

పొద్దున మొయిరాకి జుట్టు దువ్వాను. ముప్ఫై నాలుగేళ్ళ కాపురంలో మొదటిసారి. చిక్కు తీయమంటే గుర్రానికి తీసినట్టు తీస్తున్నావేంటయ్యా, అంది. పొలంలో పెరిగిన నాకు తెలిసింది గుర్రాలకి తీయడమే.

అసలు బెంగ చెయ్యి గురించి కాదు. మామ గురించి. గిబ్బీ ఫిండ్లే, ఎనభై ఏడేళ్ళు. కింద సీటౌన్‌లో సముద్రానికి వీపు పెట్టిన ఇంట్లో ఒక్కడే ఉంటాడు. పైకి, మా ఇంటికి రమ్మంటే రాడు. క్రిస్మస్ ముందు జ్వరం వచ్చి తగ్గింది, ఆకలి మాత్రం తిరిగి రాలేదు. ఆ జ్వరంతో మనిషి సగమయ్యాడు. రొట్టె వద్దు, మాంసం వద్దు, గుడ్డు వద్దు. లోపలికి పోయేది ఒక్కటే, మొయిరా చేసే స్కింక్. పొగబెట్టిన హాడక్ చేప, బంగాళాదుంపలు, ఉల్లిపాయ, పాలు. మా ఊరు కల్లెన్ పేరు మోసే సూప్. ఇక్కడి పసిపిల్లలకి పాల తర్వాత అదే.

నేను కల్లెన్‌లో ముప్ఫై నాలుగేళ్ళుగా తింటున్నాను. ఒక్కసారీ వండలేదు.

జనవరి 17, గురువారం

మొయిరా ఎడమచేత్తో ఉల్లిపాయ తరగబోయింది. కత్తి లాక్కున్నాను. నేను చేస్తాలే అన్నాను. నవ్వింది. ప్లాస్టర్ కదిలి నొప్పి పుట్టేదాకా నవ్వింది.

జనవరి 18, శుక్రవారం

11.00 సూపర్‌మార్కెట్లో చేప కొన్నాను. నిమ్మపండు రంగు. చూడ్డానికి బాగుంది.

12.10 మొయిరా కుర్చీలో కూర్చుని చెప్పింది. చేప, ఉల్లిపాయ, దుంప, పాలు. అంతేనా అంటే అంతే అంది. అన్నీ ఒకేసారి గిన్నెలో వేసి పెద్దమంట పెట్టాను. ఫోన్ మోగింది. వచ్చేసరికి పాలు పొంగి స్టవ్ ఆరిపోయింది. అడుగున నల్లగా, పైన పసుప్పచ్చగా, మధ్యలో ఏదో.

13.30 కేన్‌లో పోసుకుని, బూట్ల మీద పాత మేజోళ్ళు తొడుక్కుని మెట్లు దిగాను. జారకుండా ఉండటానికి సీటౌన్ వాళ్ళ చిట్కా.

మామ ఒక్క చెంచా నోట్లో పెట్టుకున్నాడు. నావైపు చూడలేదు. ఆయన ఎప్పుడూ నన్ను సూటిగా చూడడు. నాతో చెప్పాల్సింది మొయిరాతో చెబుతాడు. మొయిరా పక్కన లేకపోతే గోడతో చెబుతాడు. ఇవాళ గోడతో చెప్పాడు, నాగలోడు పెయింటు డబ్బా తెచ్చినట్టున్నాడు, అని. నాగలోడంటే నేనే, నాగలి పట్టే ఇంట్లోంచి వచ్చిన అల్లుణ్ణి. తర్వాత లేచి, కిటికీ తీసి, గిన్నె గట్టు మీద పెట్టాడు. సీగల్ వచ్చింది. వాసన చూసింది. వెళ్ళిపోయింది.

జనవరి 19, శనివారం

సీగల్ సంగతి మొయిరాకి చెప్పకుండా ఉండాల్సింది. ఫోన్లో ఊరందరికీ చెప్పింది.

జనవరి 25, శుక్రవారం

ఇవాళ మా కవి పుట్టినరోజు, ఊరంతా హాగిస్ అనే మాంసం వంటకం తింటుంది. మా ఇంట్లో రెండో ప్రయత్నం.

ఈసారి తెలివిగా ఇంటర్నెట్‌లో చూశాను. వైట్ వైన్, క్రీమ్, లీక్స్ అనే ఉల్లికాడలు, పైన సన్నగా తరిగిన ఆకులు. మంట తగ్గించి, పక్కనే నిలబడి, ఫోన్ ఆపేసి చేశాను. నిజం చెప్పాలంటే నాకు నచ్చింది. మొయిరా కూడా రెండు గిన్నెలు తిని, చాలా బాగుంది, మా నాన్నకి మాత్రం పెట్టకు, అంది.

పెట్టాను. మామ ఆకుని చెంచాతో ఎత్తి వెలుతుర్లో చూశాడు. హోటల్ అన్నాడు. ఆ ఒక్క ముక్కే. చెంచా పక్కన పెట్టేశాడు. చెంచా ఎత్తినప్పుడు ఆయన చొక్కా చెయ్యి జారింది. మణికట్టు మీద వాచీ మోచేతి దాకా జారిపోయింది. పులుసులో ముల్లంత సన్నగా ఉంది ఆ చెయ్యి.

తిరిగి మెట్లెక్కుతూ మధ్యలో ఆగాను. ఆయాసం వల్ల కాదు.

జనవరి 27, ఆదివారం

గ్రెగర్ వచ్చాడు. మొయిరా తమ్ముడు, నా బావమరిది. యాభై రెండేళ్ళు. ఎల్గిన్ డిపోలో సూపర్‌వైజర్. అక్కకి చాక్లెట్లు తెచ్చాడు. కిందికెళ్ళి వాళ్ళ నాన్న దగ్గర పావుగంట కూర్చుని వచ్చాడు. ఏం మాట్లాడుకున్నారంటే గాలి గురించి అన్నాడు. ఇరవై ఎనిమిదేళ్ళుగా వాళ్ళు గాలి గురించే మాట్లాడుకుంటున్నారు.

ఇది రాయాలి. ఎక్కడా చెప్పలేదు కనక ఇక్కడ రాస్తాను.

మామకి సొంత పడవ ఉండేది. మా అత్తగారి పేరు పెట్టుకున్నాడు, ఐసొబెల్ అని. గ్రెగర్ పదహారో ఏట అందులో ఎక్కాడు. తన తర్వాత వాడే నడుపుతాడని మామ ఆశ. తొంభై ఒకటిలో ఒక పొద్దున గ్రెగర్ నా బస్సెక్కాడు. ఎల్గిన్ దాకా వచ్చాడు, దిగలేదు. వెనక్కి వచ్చాడు, దిగలేదు. మూడో ట్రిప్పులో, జనం అందరూ దిగాక, నా వెనక సీట్లోకి వచ్చి ఒక సంగతి చెప్పాడు. తర్వాత, బావా, నాకు ఇక్కడ ఉద్యోగం ఇప్పించు అన్నాడు. నాన్నకి ఎప్పుడూ చెప్పనని మాటివ్వు అన్నాడు. ఇచ్చాను. రెండూ ఇచ్చాను.

రెండేళ్ళు చూసి మామ ఐసొబెల్‌ని అమ్మేశాడు. అప్పట్నుంచి నేను ఆయన కొడుకుని సముద్రం మీంచి దొంగిలించిన నాగలోణ్ణి. కీత్ వైపు పొలాల్లో పుట్టినవాణ్ణి. సీటౌన్ వాళ్ళ లెక్కలో మట్టి పిసికేవాడు అసలే చివరి వరస. అందులో దొంగ కూడా.

మొయిరాకి కూడా చెప్పలేదు. అడిగింది, మొదట్లో. తర్వాత మానేసింది.

ఫిబ్రవరి 1, శుక్రవారం

మూడో ప్రయత్నం. పొగబెట్టిన చేపలో ఉప్పు ముందే ఉంటుందట. నాకెవరూ చెప్పలేదు.

ఫిబ్రవరి 4, సోమవారం

నర్సు వచ్చి మామని తూచింది. యాభై కిలోల నాలుగు వందల గ్రాములు. డిసెంబర్లో యాభై నాలుగు. మంచి పిల్ల, కఠినంగా ఏమీ మాట్లాడలేదు. మార్చి మొదటి వారంలో మళ్ళీ తూస్తానంది. ఇలాగే దిగిపోతూ ఉంటే ఇక్కడ ఒంటరిగా ఉండనివ్వడం కష్టం, వృద్ధుల హోమ్ గురించి ఆలోచించండి, అంది.

మామ గోడతో అన్నాడు, నన్ను ఈ గుమ్మం దాటించాలంటే పాదాలు ముందుగా, శవంగానే దాటించాలి, అని.

ఇంటికొచ్చి చెబితే మొయిరా ప్లాస్టర్ చెయ్యి ఒళ్ళో పెట్టుకుని కిటికీ దగ్గర కూర్చుండిపోయింది. నేనే మెట్ల మీద చూసుకుని నడిచి ఉంటే, అంది. టీ పెట్టిచ్చాను. చల్లారిపోయింది. మళ్ళీ పెట్టాను.

ఫిబ్రవరి 5, మంగళవారం

సూపర్‌మార్కెట్‌కి వెళ్ళలేదు. హార్బర్ దగ్గర ఎఫీ చేపల దుకాణానికి వెళ్ళాను. ఎఫీ మొయిరాతో కలిసి బళ్ళో చదివింది. సీగల్ సంగతి ఆమెకీ తెలుసు. నన్ను చూడగానే, అయ్యో, పక్షులకి వంట చేసే పెద్దమనిషి, అంది. పక్కనున్నవాళ్ళు నవ్వారు.

తప్పెక్కడ జరుగుతోందో చూడమని మొత్తం వరసగా చెప్పాను. విన్నది. పసుప్పచ్చది రంగేసిన చేపయ్యా, అది పారేయ్, అంది. రంగెయ్యనిది, పాలిపోయి, తోలూ ముళ్ళూ ఉన్నది చూపించింది. సరే ముళ్ళు ఏం చేశావు, అని అడిగింది.

తీసి చెత్తబుట్టలో వేశానన్నాను.

ఎఫీ కత్తి కింద పెట్టింది. కల్లెన్‌లో కాపురముంటూ ముళ్ళు పారేశావా? పోలీసుల్ని పిలవనా? అంది. చేప ఉడికిన నీళ్ళలోనే ఆ తోలూ ముళ్ళూ వేసి, చిన్నమంట మీద గంటసేపు మరిగించాలట. ఆ నీళ్ళే స్కింక్ అట. పాలూ దుంపలూ దానికి తోడొచ్చేవే తప్ప అసలు సరుకు కావట.

ఇంటికొచ్చి మొయిరాని నిలదీశాను. ముళ్ళ సంగతి ఎందుకు చెప్పలేదని. నిజంగానే ఆశ్చర్యపోయింది. అది కూడా చెప్పాలా? అంది. తొమ్మిదో ఏట నేర్చుకుందట. చేతులు చేసుకుపోతాయి, నోటికి తెలీదు.

ఫిబ్రవరి 7, గురువారం

మామ దగ్గరికి పొయ్యిలోకి బొగ్గు తీసుకెళ్ళాను. ముళ్ళ సంగతి చెప్పాను. మొట్టమొదటిసారి గోడని వదిలి నావైపు తిరిగాడు. పారేశావా? అన్నాడు. మూడుసార్లూ? అన్నాడు.

రేపు చేప ఇక్కడికే తెచ్చుకో, నా కళ్ళెదుట చెయ్యి, అన్నాడు.

ఫిబ్రవరి 8, శుక్రవారం

ఇవాళ చాలా రాయాలి. క్రమంగా రాస్తాను.

పదిన్నరకి వెళ్ళాను. ఎఫీ ఇచ్చిన రెండు హాడక్‌లు. ఉల్లిపాయ. పాలు. దుంపలు మాత్రం దుకాణంవి కాదు. కొత్త సంవత్సరానికి మా అన్న హ్యూ మా పొలం నుంచి ఒక గోతాం ఇచ్చాడు, కెర్స్ పింక్ రకం. తోలు గులాబీ రంగు, ఉడికితే పిండిలా విచ్చుకుంటుంది. ఇన్నాళ్ళూ గ్యారేజీలో ఉన్నాయి. దుంప అంటే దుంపే కదా అని మార్కెట్లో కడిగి అమ్మేవి వాడాను. పొలంలో పుట్టినవాణ్ణి, సిగ్గుండాలి.

మామ కుర్చీ పొయ్యి పక్కకి లాక్కున్నాడు. చేతిలో కర్ర. నేను తప్పు చేసినప్పుడల్లా కర్ర నా చీలమండకి తగిలింది. అంత నీళ్ళెందుకు, చేపని ఈతకి పంపుతున్నావా? మునిగితే చాలు. ఒకటి. ఉల్లిపాయ అంత లావుగానా, అది గుర్రపు దాణానా? రెండు. చేప గట్టిపడకముందే తియ్యి, చూడు, రేకులు విడుతున్నాయి, ఇప్పుడు, ఇప్పుడు! మూడు.

చేప తీసి పళ్ళెంలో పెట్టాను. తోలు ఒలిచి, ముళ్ళు ఏరి, మళ్ళీ గిన్నెలో వేశాను. మంట తగ్గించాను. మామ గోడ గడియారం చూశాడు. పదకొండూ ఐదు. గంట, అన్నాడు.

గంటసేపు చేసేదేం లేదు. దుంపలు తొక్క తీయడానికి పది నిమిషాలు. తర్వాత ఇద్దరం కూర్చుని గిన్నె వైపు చూశాం. ముప్ఫై నాలుగేళ్ళలో మొయిరా పక్కన లేకుండా మేమిద్దరం ఒకే గదిలో అంతసేపు ఎప్పుడూ లేం. బయట అలలు గోడకి తగులుతున్నాయి. ముళ్ళ వాసన మెల్లగా ఇల్లంతా పట్టింది.

ఇరవై నిమిషాలయ్యాక మామ అడిగాడు. గిన్నె మీంచి చూపు తిప్పకుండా అడిగాడు. ఆరోజు వాడు నీతో ఏం చెప్పాడు?

ఏరోజు అని నేననలేదు. ఇద్దరికీ తెలుసు.

మాటిచ్చాను మామయ్యా అన్నాను.

ఇరవై ఎనిమిదేళ్ళు ఆగాను, ఇంకెన్నాళ్ళుంటానో నర్సుని అడుగు, అన్నాడు. కోపంగా అనలేదు. అందుకే ఆగలేకపోయాను.

చెప్పాను. షెట్లాండ్‌కి పడమర, తెల్లారుతుండగా, వల లాగుతున్నారు. అల వచ్చి గ్రెగర్‌ని పడవ అంచు మీంచి ఎత్తుకుపోయింది. పూర్తిగా బయటికి. పైన ఆకాశం, కింద ఏమీ లేదు. వెంటనే వచ్చిన రెండో అల అతన్ని తిరిగి పడవలోకే విసిరేసింది, చేపల కుప్ప మీదికి. ఎవరూ చూడలేదు. లేచి కత్తి వెతుక్కుని పని చేసుకున్నాడు. ఒడ్డుకొచ్చాక చేతులు వణకడం మొదలైంది, ఆగలేదు. నాన్నకి చెప్పకు బావా, చుక్కాని దగ్గర తను ఉన్నాడు కదా, తన వల్లే అనుకుంటాడు, అన్నాడు.

గిన్నె మూత టకటక కొట్టుకుంటోంది. లేచి మూత కొంచెం జరిపాను. కూర్చున్నాను.

నేను చూశాను, అన్నాడు మామ.

నాకు మొదట అర్థం కాలేదు.

చుక్కాని గదిలోంచి చూశాను. వాడు పోవడం చూశాను. నాలుగు ఊపిర్ల సేపు. నేను చుక్కాని తిప్పలేదు. తిప్పితే పడవ అలకి అడ్డం తిరిగేది. డెక్ మీద ఇంకో నలుగురున్నారు. రెండు చేతులూ చుక్కాని మీదే ఉంచాను. నా కొడుకు నీళ్ళలో ఉన్నాడు, నేను చేతులు కదపలేదు. ఇంతా చెప్పి, తన చేతుల్ని తిప్పి చూసుకున్నాడు, అవి వేరే ఎవరివో అన్నట్టు.

మళ్ళీ అన్నాడు. వాడు చూశాడనుకున్నాను. నేను తిప్పకపోవడం చూశాడు, అందుకే పోయాడు, ఆ మాట నీతో చెప్పాడు, అది నీ కడుపులో పెట్టుకుని ముప్ఫై ఏళ్ళుగా నా బల్ల దగ్గర కూర్చుని నా స్కింక్ తింటున్నావు, అనుకున్నాను. నిన్ను చూడ్డం నా వల్ల కాలేదు.

బస్సులో అయితే బ్రేక్ వేసి పక్కకి ఆపేవాణ్ణి.

అతను ఏమీ చూడలేదు మామయ్యా, అన్నాను. ఒకసారి పైకి చూశాడట. చుక్కాని గది అద్దం మీద నీళ్ళు తప్ప ఇంకేం కనిపించలేదన్నాడు. నాన్న చూసి ఉంటే ప్రాణం పోయేది, చూడలేదు, అదొక్కటే అదృష్టం, అన్నాడు.

మళ్ళీ చెప్పు, అన్నాడు మామ.

చెప్పాను.

మళ్ళీ, అన్నాడు.

మూడోసారి చెప్పాక కర్రతో గడియారం వైపు చూపించాడు. గంటా రెండు నిమిషాలు. వడకట్టు, చేదెక్కుతుంది, అన్నాడు.

వడకట్టాను. ఆ నీళ్ళలో దుంపలు ఉడికించి, సగం ఫోర్కుతో మెదిపి, సగం ముక్కలుగా వదిలేశాను. వేడిపాలు పోశాను. చేప రేకులు కలిపాను. వెన్న, మిరియాల పొడి. ఉప్పు వెయ్యలేదు. ఆయన తొంగి చూసి, నేర్చుకున్నావురా, అన్నాడు.

ఒక గిన్నె తిన్నాడు. చెంచా ఒక్కసారీ ఆగలేదు. అడుగున దుంప ముక్కని నోట్లో ఉంచుకుని, ఇది ఎక్కడిది, అని అడిగాడు. మా పొలందన్నాను. మీ పొలంలో ఇలాంటివి పండుతాయా? పండుతాయి మామయ్యా. నీటి మీద బతికేవాళ్ళకి ఇన్నేళ్ళూ చెప్పలేదేం? మీరు అడగలేదు. అడగలేదా? అన్నాడు. నవ్వాడు. దగ్గు వచ్చేలా నవ్వాడు. నీళ్ళిచ్చాను.

ఇంటికొచ్చి మొయిరాకి అంతా చెప్పాను. మొదట ఏడ్చింది. తర్వాత తిట్టింది. ముగ్గురు మగాళ్ళు, ఇరవై ఎనిమిదేళ్ళు, ఒక్కడికి నోరు పెగల్లేదు, ముళ్ళు నయం మీకన్నా, గంటకి ఒకసారైనా బుడబుడమంటాయి, అంది. నిజమే. ఒప్పుకున్నాను. అయినా తిట్టింది.

ఫిబ్రవరి 9, శనివారం

ఎల్గిన్ వెళ్ళాను. మాట తప్పానని గ్రెగర్‌కి ముఖాముఖి చెప్పాలి, ఫోన్లో కాదు. డిపో వెనక ఆగి ఉన్న ఖాళీ బస్సులో కూర్చుని చెప్పాను. ఈసారి అతను డ్రైవరు సీట్లో, నేను వెనక.

విన్నాడు. చూశాడా? అన్నాడు. చూశాడన్నాను. నలుగురున్నారు డెక్ మీద, అన్నాడు. అవును. తిప్పకూడదు, అన్నాడు. నేనున్నా తిప్పను. ఎవడున్నా తిప్పడు.

స్టీరింగు మీద తల ఆనించాడు. నేను కిందికి దిగి టైర్లు చూస్తూ నిలబడ్డాను. టైర్లు బాగానే ఉన్నాయి.

ఫిబ్రవరి 10, ఆదివారం

గ్రెగర్ మా ఇంటికి రాకుండా నేరుగా సీటౌన్ వెళ్ళాడు. కారు పైనుంచి కనిపించింది. పావుగంట అయ్యింది. గంట అయ్యింది. మొయిరా కిటికీ దగ్గరే నిలబడి మూడుసార్లు నా వాచీ అడిగింది. రెండు గంటల పది నిమిషాలకి బయటికొచ్చాడు. గుమ్మంలో ఇద్దరూ నిలబడ్డారు. మామ చెయ్యెత్తి కొడుకు కోటు కాలరు సరిచేశాడు.

ఏం మాట్లాడుకున్నారని మేం అడగలేదు. కనీసం గాలి గురించి కాదు. ఇవాళ గాలే లేదు.

ఫిబ్రవరి 12, మంగళవారం

ఇక శుక్రవారాలే కాదు. రోజు విడిచి రోజు వండుతున్నాను. మామ కర్ర పక్కన పెట్టేశాడు. నోటితోనే కొడుతున్నాడు.

ఫిబ్రవరి 20, బుధవారం

ముళ్ళు మరిగే గంటలో ఇవాళ మామ నాకు వల అల్లే ముడి నేర్పాడు. నా వేళ్ళు లావుట. ముడి పడలేదు. నేనాయనకి దుంపల రకాలు చెప్పాను. ఏది చలికి ఆగుతుంది, ఏది పురుగు పట్టదు. మొహం చిట్లించుకుని విన్నాడు. ఎప్పుడు నాటుతారని అడిగాడు. ఏప్రిల్ అన్నాను. ఎందుకో ఇంకోసారి అడిగాడు.

మార్చి 5, మంగళవారం

నర్సు వచ్చింది. యాభై రెండు కిలోల వంద గ్రాములు. త్రాసు సరిగ్గా ఉందా అని మళ్ళీ నిలబెట్టింది. అంతే. ఇంకా తక్కువే, అంది, అయినా పైకి ఎక్కుతోంది కదా, హోమ్ మాట వేసవి దాకా ఎత్తను, అంది. ఏం తింటున్నారని అడిగింది.

మామ, మా అల్లుడి దుంపలు, అన్నాడు.

ఆమెకి అందులో విశేషమేం కనిపించలేదు. కాగితం మీద రాసుకుంది. నేను వంటింట్లోకి వెళ్ళి కడిగిన గిన్నె మళ్ళీ కడిగాను.

మార్చి 11, సోమవారం

ప్లాస్టర్ తీశారు. చెయ్యి సన్నగా, తెల్లగా ఉంది. మొయిరా దారంతా వేళ్ళు ముడుస్తూ చాస్తూ కూర్చుంది. శుక్రవారం స్కింక్ నేనే చేస్తాను, నువ్వు ఇక పేపరు చదువుకో, అంది.

పేపరు చదువుకోవాలని నాకు అంతగా లేదు. చెప్పలేదు.

మార్చి 15, శుక్రవారం

మొయిరా చేసింది. ముగ్గురం సీటౌన్‌లో కూర్చుని తిన్నాం. నాకు ఎప్పటిలాగే అమృతం. మామ సగం తిని, గోడ వైపు తిరిగాడు. పాత అలవాటు. మా అమ్మాయికి చెయ్యి ఇంకా పూర్తిగా కుదిరినట్టు లేదు, అన్నాడు.

నాన్నా! అంది మొయిరా.

నేను తల వంచుకుని తిన్నాను. నవ్వితే అయిపోయేవాణ్ణి.

మార్చి 16, శనివారం

మొయిరా నాతో మాట్లాడటం లేదు. గిన్నెలు చప్పుడు చేస్తోంది. ఇంత ప్రశాంతంగా ఎప్పుడున్నానో గుర్తు లేదు.

మార్చి 17, ఆదివారం

మాట్లాడింది. నువ్వు దుంపలు ఎంతసేపు ఉడికిస్తావు? అని అడిగింది.

ఏప్రిల్ 27, శనివారం

మామ దుంపల నాటు చూడాలన్నాడు. కారులో దుప్పటి చుట్టి కీత్ తీసుకెళ్ళాను. ఎనభై ఏడేళ్ళలో ఇటువైపు మొదటిసారి. పొలం గట్టున ఆపాను. దిగనన్నాడు. అద్దం దించి, హ్యూ ట్రాక్టరు వెనక సాళ్ళు ఒకటొకటీ తెరుచుకోవడం అరగంట చూశాడు. సముద్రం ఎక్కడా కనిపించదు.

చాలా దూరం నుంచి వచ్చావురా నువ్వు, అన్నాడు.

మా ఇంటి నుంచి పన్నెండు మైళ్ళు.